సిమ్యులేషన్ సెంటర్ కట్టే ముందు ఫ్రిజ్ తాళంచెవి సంగతి చూడండి

మారుమూల ప్రాంతాల్లో పనిచేసే వైద్య సిబ్బందికి, రెస్క్యూ టీములకు ఎలాంటి శిక్షణ ఇవ్వాలో నిర్ణయించే అధికారులకు,

నమస్కారం.

నేను పదహారేళ్లుగా నర్సుని. అందులో పన్నెండేళ్లు పెద్దాసుపత్రికి మూడు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలోనే గడిచాయి. వానలు పడితే ఆ మూడు గంటలు ఆరవుతాయి, దారి తెగిపోతే ఇక లెక్కే ఉండదు. నాలుగేళ్లుగా డ్యూటీతో పాటు చుట్టుపక్కల కేంద్రాల్లోనూ రెస్క్యూ టీముల దగ్గరా చిన్న చిన్న సిమ్యులేషన్ డ్రిల్స్, అంటే నిజం కేసు వచ్చినట్టే నటిస్తూ చేసే సాధన, చేయిస్తున్నాను. శిక్షణకు నిధులు వచ్చినప్పుడల్లా మీకు ముందుగా తట్టేది పట్నంలో ఒక అధునాతన సిమ్యులేషన్ సెంటర్ కట్టి, మమ్మల్ని విడతలవారీగా పిలిపించడం. ఉద్దేశం మంచిదే. కాకపోతే ఆ డబ్బులో ఎక్కువ భాగం కట్టడానికి పోకుండా మేం పనిచేసే చోటికి రావాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను అలాంటి సెంటర్‌కే రెండు రోజుల ట్రైనింగ్‌కి పంపారు. కాన్పు తర్వాత విపరీతంగా బ్లీడింగ్ అయితే ఏం చేయాలో నేర్పారు. బాగానే నేర్పారు, అందులో వంక పెట్టను. రోగి స్థానంలో పెట్టిన బొమ్మ కళ్లార్పేది, మూలిగేది. మానిటర్ మీద బీపీ పడిపోతుంటే నిజంగానే టెన్షన్ వచ్చేది. ఆక్సిజన్ గోడలోంచి వచ్చేది. చెయ్యి చాపితే మందు. మంచం చుట్టూ ఆరుగురం. పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. సర్టిఫికెట్‌ని లామినేషన్ కూడా చేయించాను.

ఏడు నెలల తర్వాత ఒక రాత్రి రెండు గంటలప్పుడు నిజం కేసు వచ్చింది. డ్యూటీలో ఉన్నది నేనూ ఒక ఆయా. గర్భసంచి ముడుచుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి కాబట్టి అది ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ మందుల గదిలో ఉంది. మందుల గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఫార్మసిస్టు జేబులో ఉంది, ఆయన ఇంట్లో నిద్రపోతున్నాడు. ఆయా పరుగెత్తుకెళ్లి ఆయన్ని లేపి తాళంచెవి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను గర్భసంచిని చేత్తో రుద్దుతూ, నొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఆ తల్లి బతికింది. అది నా గొప్ప కాదు, అదృష్టం కలిసొచ్చింది. ఇలాంటి రక్తస్రావాన్ని ఆపకపోతే అప్పటిదాకా పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా రెండు గంటల్లో చనిపోవచ్చు.

ఏం చేయాలో నాకు ఆ రాత్రి తెలుసు. తెలియనిదల్లా తాళంచెవి ఎక్కడుందన్నదే. ఆ సంగతి ఏ పట్నం సెంటరూ నాకు నేర్పలేదు, నేర్పగలిగేదీ కాదు. పట్టపగలు మా గదిలోనే ఒక గిన్నెలో ఎర్ర రంగు నీళ్లు పెట్టుకుని పది నిమిషాల డ్రిల్ చేసి ఉంటే ఆ తాళం సంగతి అప్పుడే బయటపడేది.

అలా బయటపడ్డవి ఈ నాలుగేళ్లలో చాలానే ఉన్నాయి. ఒకచోట సిలిండర్ ఉంది, దాన్ని తిప్పే స్పానర్ లేదు. ఇంకోచోట స్ట్రెచర్ తలుపులోంచి వచ్చింది కానీ వరండా మలుపు తిరగలేదు. పసిపిల్లకి ఊపిరి ఇవ్వడానికి తీసిన అంబు బ్యాగ్‌కి పెద్దవాళ్ల మాస్కు తగిలించి ఉంది. అన్నిటికన్నా నాకు సిగ్గనిపించింది ఆక్సిజన్ లెక్క. 1500 లీటర్లు పట్టే సిలిండర్ నిండుగా ఉంటే, నిమిషానికి 10 లీటర్ల చొప్పున 150 నిమిషాలు వస్తుంది. మా దారి 180 నిమిషాలు. బడిపిల్లలు చేసే లెక్క ఇది. డ్రిల్‌లో బొమ్మని అంబులెన్స్ ఎక్కించి, నిజంగానే బండి కదిలించేదాకా మాలో ఒక్కరమూ ఆ లెక్క వేయలేదు. ఇప్పుడు రెండో సిలిండర్ లేకుండా మా బండి గేటు దాటదు.

ఇదంతా నా ఒక్కదాని అనుభవమేగా అని మీరు అనవచ్చు. అందుకే టాంజానియాలో జరిగింది చెబుతాను. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి మొదటి నిమిషంలోనే సాయం అందించడం నేర్పే ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ అనే కార్యక్రమం 2010లో మొదలైంది. అందులో వాడే బొమ్మకి కరెంటు అక్కర్లేదు. లోపల నీళ్లు నింపితే అప్పుడే పుట్టిన బిడ్డంత బరువుగా, మెత్తగా చేతిలో వాలిపోతుంది. చిన్న బుడగ నొక్కితే బొడ్డుతాడు కొట్టుకుంటుంది. టాంజానియాలో హేడోమ్ అనే గ్రామీణ ఆసుపత్రిలో ఈ కోర్సుని ఒక్కరోజు నేర్పి ఫలితాలు కొలిచారు. బొమ్మ మీద అందరి పనితనం బాగా మెరుగుపడింది. లేబర్ రూమ్‌లో నిజం బిడ్డల దగ్గర మాత్రం ఏమీ మారలేదు. ఈ సంగతిని దాచకుండా 2013లో వాళ్లే ప్రచురించారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలనిపిస్తుంది. తర్వాత పద్ధతి మార్చారు. బొమ్మని లేబర్ రూమ్ దగ్గరే ఉంచి, కొద్ది నిమిషాల సాధనని తరచూ చేయించారు. 2015లో వెలువడిన లెక్కల ప్రకారం పుట్టిన 24 గంటల్లోపు మరణాలు వెయ్యికి 11 నుంచి 7 దాకా తగ్గాయి. ఒక్క ఆసుపత్రి కథే కావచ్చు. కానీ ఆసుపత్రి అదే, నేర్పిన విద్యా అదే. మారింది ఎంత తరచుగా, ఎక్కడ చేశారన్నదే.

బొమ్మ ఎంత ఖరీదైనదైతే చదువు అంత బాగా వస్తుందన్న నమ్మకం మీలో చాలామందికి ఉంది. ఈ రంగం చరిత్రలోనే దానికి జవాబు దొరుకుతుంది. 1960లో నార్వేలో బొమ్మలు తయారు చేసే ఓస్‌మున్ లేర్‌డాల్ మెత్తటి ప్లాస్టిక్‌తో ఒక ఆడమనిషి బొమ్మ చేశాడు. నోటితో ఊపిరి ఊదడం నేర్చుకోవడానికి అది పనికొచ్చేది. పారిస్‌లో సేన్ నదిలో శవమై తేలిందని చెప్పుకునే ఒక అనామక యువతి ముఖాన్ని దానికి పెట్టాడు. రిససీ ఆన్ అనే ఆ బొమ్మ దేశదేశాలకి పాకింది. 1967లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిమ్ వన్ అనే ఇంకో బొమ్మ వచ్చింది. కంప్యూటర్‌తో నడిచేది, ఊపిరి పీల్చేది, కనుపాపలు పెద్దవయ్యేవి, మందుకి తగ్గట్టు స్పందించేది. అద్భుతమైన పనే. కానీ అలాంటిది ఒక్కటే తయారైంది, రెండోది చేయలేకపోయారు. మీరు కట్టబోయే సెంటర్ గురించి విన్నప్పుడల్లా నాకు ఆ ఒక్కగానొక్క బొమ్మే గుర్తొస్తుంది.

పెద్ద సెంటర్ అస్సలు వద్దని కాదు. గొంతులో గొట్టం వేయడం, ఆపరేషన్ నేర్చుకోవడం లాంటి పనులకి అది కావాలి. మాకు డ్రిల్స్ చేయించేవాళ్లని తయారుచేయడానికీ కావాలి. అంతవరకే.

చేతి విద్య నిలవ ఉండదన్నది ఇంకో సంగతి. గుండె ఆగినవాళ్లకి చేసే సీపీఆర్‌లో ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ట్రైనింగ్ రోజున అందరూ చేస్తారు. కొద్ది నెలలు గడిచేసరికి లోతు తగ్గుతుంది, వేగం తప్పుతుంది. పట్నం ఆసుపత్రిలో వారానికో కేసు వస్తుంది కాబట్టి చెయ్యి ఆడుతూనే ఉంటుంది. మా దగ్గర ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. అంటే సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దొరుకుతోంది. రెండేళ్లకోసారి రెండు రోజుల కోర్సు ఈ లోటుని పూడ్చలేదు. నెలకోసారి ఇరవై నిమిషాలు చాలావరకు పూడ్చగలదు. పైగా మమ్మల్ని పట్నానికి పిలిపించిన ఆ రెండు రోజులూ మా కేంద్రంలో మా పని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న ఇప్పటికి మూడుసార్లు అడిగాను. ఒక్కసారీ జవాబు రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెస్క్యూ టీములకి మీరు ఒక శాఖ ద్వారా ట్రైనింగ్ ఇస్తారు, మాకు ఇంకో శాఖ ద్వారా ఇస్తారు. ఇద్దరికీ వేర్వేరు తేదీలు, వేర్వేరు పుస్తకాలు. కానీ దెబ్బ తగిలిన మనిషి మాత్రం ఒక్కడే. వాళ్ల చేతుల్లోంచి మా చేతుల్లోకి వస్తాడు. ఆ చేతులు మారే చోటే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయని నేను డ్రిల్స్‌లో మళ్లీ మళ్లీ చూశాను.

మొదటిసారి రెండు టీములనీ కలిపి చేసినప్పుడు లోయలో పడ్డ మనిషి అనే సీన్ పెట్టాం. తాళ్లతో పైకి లాగే పనికి ఇసుక మూటనే వాడాం. డ్రిల్ కోసం బతికున్న మనిషిని తాడుకి వేలాడదీసి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. పైకి వచ్చాక ఇసుక మూట స్థానంలో ఒక వలంటీర్‌ని పడుకోబెట్టాం. తొడ దగ్గర రక్తం ఆపడానికి టోర్నికెట్ పట్టీ ఉంది, బిగించినట్టు వదులుగా కట్టాం. రెస్క్యూ టీమ్ పని చూడముచ్చటగా ఉంది. మేమూ సిద్ధంగా ఉన్నాం. మనిషిని అప్పగించేటప్పుడు ఐదుగురు ఒకేసారి మాట్లాడారు. ఒకరు పేరు చెబుతున్నారు, ఒకరు తాడు సంగతి, ఇంకొకరు బీపీ. చలికి వణుకుతాడని పైనుంచి దుప్పటి కప్పారు, అది సరైన పనే. ఆ దుప్పటి కింద టోర్నికెట్ ఉందని నేను నలభై నిమిషాల తర్వాత చూశాను. ఎప్పుడు కట్టారో ఎవరూ రాయలేదు. అది రెండు గంటలు దాటితే కాలికే ప్రమాదం. టైమ్ తెలియకపోతే విప్పాలో వద్దో ఎవరు చెప్పగలరు?

ఆ రోజు నుంచి అప్పగింతకి ఒక పద్ధతి పెట్టుకున్నాం. స్ట్రెచర్ కింద పెట్టగానే ముప్పై సెకన్లు అందరూ నోరు మూసుకోవాలి. ఊపిరి ఆడనివాడికి ఊపిరి ఇచ్చే చేతులు తప్ప మిగతా చేతులు ఆగాలి. ఒక్కరే చెప్పాలి: ఏం జరిగింది, ఎక్కడ దెబ్బలు, మేం ఏం చేశాం, ఎన్ని గంటలకి. విన్నవాళ్లు ఆ మాటని తిరిగి పైకి చెప్పాలి. ఇందులో కొత్త ఏమీ లేదు, పుస్తకాల్లో ఉన్నదే. కానీ పుస్తకం చదివినప్పుడు మాకు అలవాటు కాలేదు. చలిలో, టార్చి వెలుతురులో, చేతులు తిమ్మిరెక్కి నాలుగుసార్లు తప్పు చేశాక అలవాటైంది.

1999లో నార్వేలో ఒక యువ డాక్టర్ స్కీయింగ్ చేస్తూ మంచు కప్పిన వాగులో తలకిందులుగా పడి 80 నిమిషాలు ఇరుక్కుపోయారు. బయటికి తీసేసరికి గుండె ఆగిపోయి ఉంది. ఒంటి ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకి పడిపోయింది. వాగు ఒడ్డున మొదలైన సీపీఆర్ హెలికాప్టర్‌లోనూ ఆగలేదు. ఆసుపత్రిలో గంటలకొద్దీ రక్తాన్ని వేడి చేసి గుండెని మళ్లీ కొట్టించారు. ఆమె బతికారు, తిరిగి డాక్టర్‌గా పనిచేశారు. అందరూ దీన్ని వైద్యంలో అద్భుతంగా చెప్పుకుంటారు. నేను మాత్రం ఎన్ని చేతులు మారిందో చూస్తాను. స్నేహితులు, రెస్క్యూ వాళ్లు, హెలికాప్టర్ సిబ్బంది, ఆసుపత్రి. ఎక్కడా తెగలేదు. మా దగ్గర గతుకుల దారిలో అంబులెన్స్ వెనక మోకాళ్ల మీద నిలబడి సీపీఆర్ చేయమంటే మొదటి డ్రిల్‌లో ఒక్కరమూ రెండు నిమిషాలు దాటలేకపోయాం. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలని అందరికీ తెలుసు. కదిలే బండిలో ఎలా మారాలో మాత్రం తెలియదు.

డ్రిల్ తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీవాళ్లు దీన్నే ముందుగా కోసేస్తారు. పది నిమిషాల డ్రిల్‌కి ఇరవై నిమిషాల మాట. నేర్చుకోవడం ఎక్కువగా జరిగేది అక్కడే. ఒకసారి సిలిండర్ ఖాళీ అయిన సంగతి డాక్టరుగారూ చూడలేదు, నేనూ చూడలేదు. తర్వాత మాట్లాడుకుంటుంటే ఆయా మెల్లగా అంది: “ముల్లు సున్నా మీద ఉండడం నేను చూశానమ్మా. డాక్టరుగారు ఉన్నారు కదా, ఆయనకి తెలియదా అనుకున్నాను.” గదిలో ఎవరికీ నోట మాట రాలేదు.

విమానాల వాళ్లు ఈ పాఠాన్ని చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నారు. 1977 మార్చి 27న టెనెరిఫె దీవిలో పొగమంచులో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. కెప్టెన్ చాలా సీనియర్. లేదని తేల్చేశాడు. ఇంజనీర్ మళ్లీ అడగలేదు. ఆ తర్వాతి ఏళ్లలో విమాన సిబ్బందికి పైవాళ్లని ఎలా ఆపాలో, కిందివాళ్ల మాట ఎలా వినాలో సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టారు. 1990 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గాబా అనే మత్తు డాక్టర్ తన సహచరులతో కలిసి ఆ పద్ధతిని ఆపరేషన్ థియేటర్‌లోకి తెచ్చాడు. మా కేంద్రానికి అది ఆయా మాటతో వచ్చింది. ఇప్పుడు మా డ్రిల్స్‌లో ఆయాకీ డ్రైవర్‌కీ ఒక పని కచ్చితంగా ఉంటుంది. నేను కావాలనే ఏదో ఒక తప్పు చేస్తాను. వాళ్లు పట్టుకుని గట్టిగా చెప్పాలి.

దీనికి మీ వైపు నుంచి కావాల్సింది ఒక్కటే. డ్రిల్‌లో జరిగిన తప్పుకి మెమో ఇవ్వకండి. ఒకసారి పైనుంచి తనిఖీ బృందం వచ్చింది. కెమెరాతో వచ్చారు. డ్రిల్ నాటకంలా మారిపోయింది. ఒక కొత్త నర్సు మందు మోతాదు తప్పు చెబితే రెండు వారాలకి సంజాయిషీ కాగితం వచ్చింది. అది బొమ్మ. బొమ్మకి ఇచ్చిన మందు. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు డ్రిల్‌లో ఎవరూ తెలియదు అనే మాట అనలేదు. అందరికీ అన్నీ తెలుసు. అలాంటి డ్రిల్ చేయడం కన్నా మానడం మేలు.

ప్రమాదాలు లేవని అనను. పనిచేసే చోటే డ్రిల్ చేస్తే ఉత్తుత్తి మందులు అసలు మందుల్లో కలిసిపోవచ్చు. 2014 చివర్లో అమెరికాలో శిక్షణ కోసం తయారైన సెలైన్ సంచులు పొరపాటున క్లినిక్‌లకి చేరి నిజం రోగులకి ఎక్కించేశారు. 40 మందికి పైగా అలా ఎక్కించుకున్నారు, వాళ్లలో చాలామంది జబ్బు పడ్డారు. అందుకని మా డ్రిల్ సామానుకి వేరే రంగు పెట్టె, ప్రతి వస్తువు మీదా ‘శిక్షణకు మాత్రమే’ అన్న చీటీ ఉంటాయి. మొదలుపెట్టేటప్పుడు లెక్క, ముగించేటప్పుడు లెక్క. డ్రిల్ మధ్యలో నిజం కేసు వస్తే ‘డ్రిల్ ఆపండి’ అంటే చాలు, బొమ్మ ఎక్కడిదక్కడ వదిలేస్తాం.

మరి మీరేం చేయాలి? ప్రతి కేంద్రానికీ ఒక పెట్టె ఇవ్వండి. ఊపిరి ఇవ్వడానికి, ఛాతీ నొక్కడానికి పనికొచ్చే మామూలు బొమ్మలు, కాన్పు బ్లీడింగ్ కోసం నడుముకి కట్టుకునే సంచి, రంగు పొడి, పాత అంబు బ్యాగ్ చాలు. పెట్టె ఇచ్చి ఊరుకుంటే అది బీరువా ఎక్కుతుంది, నేను చూశాను. కాబట్టి కొన్ని కేంద్రాలకి కలిపి ఒక మనిషికి డ్రిల్స్ చేయించడం నేర్పి, ఆ పనికి డ్యూటీ గంటల్లోనే టైమ్ ఇవ్వండి. నేను ఇదంతా నా సెలవు రోజుల్లో చేస్తున్నాను. మోకాళ్లు ఇంకెన్నాళ్లు ఒప్పుకుంటాయో చెప్పలేను. మూడు నెలలకోసారి రెస్క్యూ టీమ్, ఆరోగ్య కేంద్రం కలిసి చేసేలా రెండు శాఖలూ ఒకే కాగితం మీద ఆర్డర్ ఇవ్వాలి. అందులో ఏడాదికి ఒకటైనా రాత్రిపూట జరగాలి.

డ్రిల్‌లో బయటపడ్డ లోపాన్ని మేం రాసి పంపితే గడువులోగా బాగుచేసే ఏర్పాటు చేయండి. స్పానర్ లేదని రాస్తే స్పానర్ రావాలి. మూడోసారి కూడా అదే లోపం రాయాల్సి వస్తే జనం డ్రిల్‌కి రావడం మానేస్తారు. ఇక మీరు పైకి పంపే రిపోర్టులో ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చారన్న గడి పక్కన ఇంకో గడి పెట్టండి: ఈ మూడు నెలల్లో ఏమేం మార్చారు? మాకైతే రాయడానికి ఉంది. మందుల గది రెండో తాళంచెవి ఇప్పుడు లేబర్ రూమ్ గోడకి, చిన్న గాజు తలుపు వెనక వేలాడుతోంది.

వచ్చే నెల రెండో గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి మా తర్వాతి డ్రిల్. వాగు దగ్గర, వాన పడుతున్నా సరే. మీలో ఎవరైనా వస్తానంటే సంతోషం. కెమెరా వద్దు, బూట్లు వేసుకుని రండి. స్ట్రెచర్ మోయడానికి నాలుగో మనిషి మాకు ఎప్పుడూ తక్కువే.

ఇట్లు,
ఒక నర్సు